ఉల్లిపొరలు: ‘ష్రెక్’ చిత్రపు డిస్కుపై ఒక సమీక్ష

పిల్లలు చూచే బొమ్మల సినిమాకు విజ్ఞానశాస్త్ర పత్రికలో పనియేమి అని పాఠకులలో కొందరు ఆశ్చర్యపడవచ్చును. ఆ చిత్రమును గురించి కాక, అది ఇంటిలో చూచుకొనుటకు వీలుగా వెలువడిన డిస్కును గురించి వ్రాయుట మరీ వింతగా తోచవచ్చును. కాని సినిమాహాలులో చూచే చిత్రమునకు, ఇంటిలో చూచే డిస్కునకు ఒక ముఖ్యమైన భేదమున్నది. హాలులో చిత్రము మనలను తన వెంట లాగుకొని పోతుంది. ఇంటిలో మనము దానిని ఆపగలము, వెనుకకు త్రిప్పగలము, ఒక్కొక్క బొమ్మనే కదలకుండ నిలిపి పరీక్షించగలము. పరీక్షకు లొంగే వస్తువు ఏదైనను శాస్త్రోపాధ్యాయునికి పాఠ్యవస్తువే.

నేను తీసుకొన్న వస్తువు ‘ష్రెక్’. ఇది 2001లో అమెరికాలో విడుదలైన కంప్యూటరు బొమ్మల చిత్రము. దీనిని డ్రీమ్‌వర్క్స్ సంస్థ, దానికి అనుబంధమైన పసిఫిక్ డేటా ఇమేజెస్ అనే చిత్రశాల కలిసి నిర్మించాయి. ఆండ్రూ ఆడమ్‌సన్, విక్కీ జెన్సన్ దర్శకులు. కంప్యూటరు సాయముతో పూర్తి నిడివి చిత్రము తీయుట 1995లో ‘టాయ్ స్టోరీ’తో ఆరంభమైనది. ‘ష్రెక్’ ఆరేండ్ల తరువాత వచ్చి, ఆ ఏటి నుండి క్రొత్తగా నెలకొల్పిన ఉత్తమ యానిమేషన్ చిత్రపు ఆస్కారు బహుమానమును మొట్టమొదట అందుకొన్నది. ఆ చిత్రమే 2001 నవంబరులో రెండు డిస్కుల సంపుటముగా ఇండ్లకు చేరినది. నా సమీక్ష ఈ సంపుటమును గురించి.

కథ, దాని హాస్యము

విలియం స్టైగ్ అనే చిత్రకారుడు 1990లో వ్రాసిన చిన్న పిల్లల పుస్తకము ఈ చిత్రమునకు మూలము. పుస్తకములోని ష్రెక్ అనాకారి. తనకంటె అనాకారియైన రాకుమారిని వెదకి పెండ్లాడతాడు. సినిమావారు దీనికి చాల చేర్పులు చేశారు. బురదగుంటలో ఒంటరిగా బ్రతికే పచ్చని భూతాకారుడు, నోరు మూయని గాడిద, పొట్టి ప్రభువు ఫార్క్వాడ్, మంటలు క్రక్కే ఆడ డ్రాగన్, పగలు సుందరిగాను రాత్రి మరియొక రూపముతోను ఉండే ఫియోనా అందులోని పాత్రలు. మన పేదరాసి పెద్దమ్మ కథలలో రాకుమారుడు బయలుదేరి రాక్షసుని చంపి రాకుమారిని తెస్తాడు. ఇక్కడ ఆ రాక్షసుని వంటివాడే బయలుదేరతాడు. హాస్యమంతా ఈ తలక్రిందులలో ఉన్నది.

హాలులో ఒకసారి నవ్వించే హాస్యము వేరు, ఇంటిలో పదిసార్లు నవ్వించే హాస్యము వేరు. డిస్కును కొనేవారు దీనిని గమనించవలెను. ఇందులో కొన్ని హాస్యములు ఆనాటి వార్తలకు, ఆనాటి చిత్రములకు అంటిపెట్టుకొన్నవి. ఫియోనా గాలిలోకి ఎగిరి ఆగిపోయి కాలు చాచే దృశ్యము 1999 నాటి ‘మేట్రిక్స్’ చిత్రమునకు అనుకరణ. ఆ చిత్రము చూడని నేటి విద్యార్థి దానిని చూచి నవ్వడు, ఊరక చూస్తాడు. అల్లపు రొట్టెతో చేసిన చిన్న మనిషిని ప్రభువు గద్దించి విచారించే ఘట్టము అట్లు కాదు. రొట్టెముక్క కూడ ఆత్మగౌరవముతో ఎదురు తిరుగుట ఏ దేశపు పిల్లవానికైనను నవ్వు తెప్పిస్తుంది. అరువు తెచ్చిన హాస్యము త్వరగా పాతబడుతుంది. పాత్రలో నుండి పుట్టిన హాస్యము నిలుస్తుంది. ఈ చిత్రములో రెండు రకములును ఉన్నవి. నా లెక్కలో రెండవదే ఎక్కువ.

చిత్రములో ఒకచోట ష్రెక్ తనవంటి వారిని ఉల్లిపాయతో పోల్చుకొంటాడు. పైకి కనిపించే పొర క్రింద ఇంకొక పొర ఉంటుందని అతని భావము. గాడిదకు అది అర్థము కాదు. నాకు మాత్రము ఈ సంపుటమును తూచుటకు అదే తగిన తక్కెడగా కనిపించినది. ఈ డిస్కు మనకు ఎన్ని పొరలు విప్పి చూపినది?

బొమ్మ ఎంతవరకు నిలిచినది

మొదటి పొర కంటికి కనిపించే బొమ్మ. డీవీడీ డిస్కు పన్నెండు సెంటీమీటర్ల వ్యాసము గల ప్లాస్టిక్ బిళ్ళ. దానిలో అతి సూక్ష్మమైన గుంటలు సర్పిలాకారముగా వరుసతీరి ఉంటాయి. ఒక చుట్టుకు, దాని ప్రక్క చుట్టుకు మధ్య దూరము 0.74 మైక్రోమీటరు మాత్రమే, అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు కంటె తక్కువ. 650 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల ఎర్రని లేసరు కాంతి ఆ గుంటలపై పడి, పరావర్తనములో వచ్చే మార్పులను బట్టి అంకెలను చదువుతుంది.

ఈ బిళ్ళలో సినిమా యెట్లు ఇమిడినదో విద్యార్థుల చేత లెక్క కట్టించవచ్చును. మన దేశములో వాడుకలో ఉండిన పాల్ టెలివిజన్ పద్ధతిలో ఒక బొమ్మకు అడ్డముగా 720, నిలువుగా 576 బిందువులు. సెకనుకు 25 బొమ్మలు. రంగుల వివరమును కొంత తగ్గించిన తరువాత ఒక్కొక్క బిందువునకు సగటున ఒకటిన్నర బైట్లు కావలెను. గుణించి చూస్తే సెకనుకు సుమారు కోటి యేబదియైదు లక్షల బైట్లు వస్తాయి. గంటన్నర చిత్రమునకు ఇది దాదాపు 80 గిగాబైట్లు. రెండు పొరల డీవీడీలో ఒక వైపున పట్టేది 8.5 గిగాబైట్లే. కనుక సమాచారమును పదవ వంతునకు, లేక అంతకంటె తక్కువకు కుదించక తప్పదు. ఒక బొమ్మకు, తరువాతి బొమ్మకు మారని భాగమును మరల వ్రాయకుండ, మారిన దానిని మాత్రమే వ్రాయుట ఈ కుదింపులోని కిటుకు.

ఇక్కడ కంప్యూటరు చిత్రమునకు ఒక సహజమైన లాభమున్నది. మామూలు ఫిలిము మీద వెండి లవణముల రేణువుల వలన ఏర్పడే మచ్చలు బొమ్మ బొమ్మకు చోటు మారుతుంటాయి. వాటికి ఒక క్రమము లేదు కాబట్టి వాటిని కుదించుట కష్టము. కంప్యూటరులో పుట్టిన బొమ్మకు ఆ రేణువులు లేవు, దుమ్ము లేదు, గీతలు లేవు. అందువలన తక్కువ చోటులో ఎక్కువ శుభ్రముగా ఇముడుతుంది. 1999లో ‘ఎ బగ్స్ లైఫ్’ అనే చిత్రమును ఫిలిముతో పనిలేకుండ కంప్యూటరులోని అంకెల నుండి నేరుగా డిస్కుకు ఎక్కించి ఈ మేలును లోకమునకు చూపారు. ‘ష్రెక్’ డిస్కులో కూడ ఆకుల అంచులు, గాడిద రోమములు, ష్రెక్ చొక్కా నేత స్పష్టముగా కనిపిస్తాయి. మంటలు ఎగసిపడే డ్రాగన్ ఘట్టములో బొమ్మను నిలిపి చూస్తే అక్కడక్కడ చిన్న చదరపు గడుల జాడ నాకు తోచినది. ప్రతి బిందువు ప్రతి క్షణము మారే చోట కుదింపు పద్ధతికి ఊపిరాడదు. ఇది దోషమే కాని క్షమింపదగిన దోషము. బొమ్మ విషయములో ఈ సంపుటమునకు మంచి మార్కులే ఇవ్వవచ్చును.

రెండు డిస్కులు, రెండు చట్రములు

ఈ సంపుటములో ఒక డిస్కుపై చిత్రము పాత టెలివిజన్ తెరను పూర్తిగా నింపే ఆకారములో ఉన్నది. రెండవ దానిపై హాలులో చూపిన వెడల్పు ఆకారములో ఉన్నది. హాలు బొమ్మకు వెడల్పు ఎత్తుకు 1.85 రెట్లు. పాత టెలివిజన్ తెరకు 1.33 రెట్లు. వెడల్పు బొమ్మను మార్చకుండ పాత తెరమీద చూపితే, తెర ఎత్తులో 28 శాతము క్రింద మీద నల్లపట్టీలకు పోతుంది. ప్రక్కలు కత్తిరించి తెరను నింపితే, బొమ్మ వెడల్పులో అదే 28 శాతము పోతుంది. రెండు లెక్కలలోను ఒకే అంకె వచ్చుట యాదృచ్ఛికము కాదు. విద్యార్థులు నిష్పత్తులు వ్రాసి చూస్తే కారణము వారికే తెలుస్తుంది.

కంప్యూటరు చిత్రమునకు మూడవ మార్గము కూడ ఉన్నది. పాత్రలను, దృశ్యమును అంకెలలోనే క్రొత్త చట్రమునకు సర్ది, మరల గీయించవచ్చును. ‘ఎ బగ్స్ లైఫ్’ వారు కొన్ని దృశ్యములలో అట్లే చేశారు. కాని ఏ మార్గమున పోయినను అది వేరొక కూర్పే అవుతుంది. ష్రెక్ ముందు, గాడిద వెనుక నడిచే దృశ్యములలో వారి మధ్యనున్న ఖాళీయే హాస్యము. ఒకడు దూరముగా పోవలెనని, మరియొకడు దగ్గరకు రావలెనని చూచే తగవును ఆ ఖాళీ చెబుతుంది. ఇరుకు చట్రములో ఆ ఖాళీ చిక్కిపోతుంది. రెండు ఆకారములను ఇచ్చి కొనేవానికి ఎన్నిక విడిచిపెట్టుట నిర్మాతల మంచితనము. పిల్లలకోసమని ఇరుకు ఆకారమును ఎంచుకొనే తల్లిదండ్రులకు ఏమి పోతున్నదో ఒక్క బొమ్మతో చూపి ఉంటే మరింత మంచిగా ఉండేది.

వేగము మాటకూడ చెప్పవలెను. సినిమా సెకనుకు 24 బొమ్మలతో తయారైనది. పాల్ పద్ధతి డిస్కులో సాధారణముగా వాటినే సెకనుకు 25 చొప్పున నడిపిస్తారు. అందువలన 90 నిమిషముల చిత్రము 86 నిమిషముల పైచిలుకులో ముగుస్తుంది. స్వరముల పౌనఃపున్యము కూడ, సరిచేయకుంటే, నూటికి నాలుగు వంతులు పెరుగుతుంది. ష్రెక్‌కు గొంతునిచ్చిన మైక్ మయర్స్ కంఠము కొంచెము సన్నబడుతుందన్నమాట. సంగీతజ్ఞానమున్నవారు శ్రుతి హెచ్చినదని పసిగట్టగలరు.

ద్రవము, చర్మము, ముఖము

ఇప్పుడు రెండవ పొరకు వద్దాము. బొమ్మ వెనుకనున్న శాస్త్రము అది. చిత్రము ఆరంభములోనే ష్రెక్ బురదతో స్నానము చేస్తాడు. తరువాత పోటీ మైదానములో బీరు పీపా పగిలి నేలంతా తడిసిపోతుంది. ఈ దృశ్యములు పిల్లలకు నవ్వులాట. నిర్మాతలకు మాత్రము అవి భౌతికశాస్త్ర సమస్యలు. ద్రవము ఎట్లు ప్రవహిస్తుందో చెప్పే సమీకరణములను ఫ్రాన్సులో నావియే 1822లోను, బ్రిటనులో స్టోక్స్ 1845లోను రూపొందించారు. ద్రవము లోపలి ఒత్తిడి, దాని బరువు, దాని స్నిగ్ధత అందులోని ముఖ్యాంశములు. స్నిగ్ధత అంటే పొరపై పొర జారనీయని గుణము. నీటికి అది తక్కువ, తేనెకు ఎక్కువ, బురదకు మరీ ఎక్కువ. చోటును చిన్న చిన్న ఘనములుగా విభజించి, ప్రతి ఘనములోను ద్రవము వేగము ఎంతో కంప్యూటరు క్షణక్షణమునకు లెక్కించుకొంటూ పోతుంది. స్నిగ్ధత అంకెను మార్చితే నీరు బురదగా మారుతుంది. చిత్రకారుడు ఒక్కొక్క బొట్టును చేతితో గీయనక్కరలేదు.

ఈ పనికి సంబంధించి పసిఫిక్ డేటా ఇమేజెస్‌కు చెందిన నిక్ ఫాస్టర్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన రాన్ ఫెడ్కివ్ కలిసి 2001లోనే ఒక పరిశోధనా పత్రము ప్రచురించారు. ద్రవములను చిత్రములలో చూపే విధానమును సమీకరణములతో సహా అందులో వివరించారు. ఏ రహస్యమును దాచుకొనలేదు. ఇది తలచుకొన్నప్పుడే ఈ సంపుటముపై నాకు అసంతృప్తి కలుగుతుంది. డిస్కులో చిత్రపు సాంకేతిక విషయములకు ఒక చిన్న చిత్రము కేటాయించారు. అందులో పని ఎంత కష్టమో, ఎంత క్రొత్తదో చెబుతారు. బురద బురదవలె ఎందుకు కదులుతుందో మాత్రము చెప్పరు. స్నిగ్ధతను తక్కువగా పెట్టిన బురదను, ఎక్కువగా పెట్టిన బురదను ప్రక్కప్రక్కన అర నిమిషము చూపితే చాలును, ఏ ఊరి పాఠశాలలోనైనను అది ఒక పూట పాఠమయ్యేది. పండితులకు పత్రము వ్రాసి ఇచ్చినవారు పిల్లలకు మాత్రము పొగడ్తలు ఇచ్చారు. పొగడ్త వివరణ కాదు.

ముఖముల మాట కూడ ఇట్టిదే. ఈ చిత్రములోని పాత్రలను లోపలినుండి పైకి కట్టుకొంటూ వచ్చారు. ముందు ఎముకల గూడు, దానిపై కండరములు, దానిపై చర్మము. ఒక కండరము ముడుచుకొంటే పైచర్మము దానితో లాగబడుతుంది. ష్రెక్ నవ్వినప్పుడు బుగ్గ పొంగి కంటి క్రింద ముడత పడుటకు ఇదే కారణము. శరీరశాస్త్రము చదివే విద్యార్థికి ఇంతకంటె ముచ్చటైన పాఠము దొరకదు. ఉల్లిపాయను గురించి మాటలాడిన పాత్రను నిజముగానే ఉల్లిపాయవలె పొరలతో కట్టారు. డిస్కులో ఆ పొరలను గీతల బొమ్మనుండి పూర్తి బొమ్మవరకు వరుసగా చూపే భాగమున్నది. అది చాల మంచిది. ప్రతి మెట్టు దగ్గర ఒక నిమిషము నిలిచి కారణము చెప్పి ఉంటే ఇంకను మంచిది అయ్యేది.

మనుష్యుల ముఖముల విషయములో నిర్మాతలు ఒక తెలివైన పని చేశారు. ఫియోనా ముఖమును మొదట నిజమైన మనిషికి చాల దగ్గరగా చేసి, అది చూచుటకు వెగటుగా ఉన్నదని తోచి, తరువాత కొంత బొమ్మతనము కలిపారని వారే చెప్పుకొన్నారు. జపాను దేశపు మసహిరో మోరి అనే యంత్రశాస్త్రజ్ఞుడు 1970లోనే దీనిని ఊహించాడు. యంత్రపు మనిషి మనిషిని పోలినకొలది మనకు ఇష్టము పెరుగుతుంది. కాని దాదాపు మనిషే అనిపించి, పూర్తిగా మనిషి కానిచోట ఆ ఇష్టము ఒక్కసారిగా ఏహ్యముగా మారుతుందని ఆయన అభిప్రాయము. ‘ష్రెక్’ విడుదలైన 2001లోనే ‘ఫైనల్ ఫాంటసీ’ అనే చిత్రము పూర్తిగా నిజమైన మనుష్యులవలె కనిపించే పాత్రలతో వచ్చి ధనము నష్టపోయినది. ఈనాడు ఇంటిలో నిదానముగా చూస్తే ఫియోనా జడ కొయ్యజడవలెను, ప్రభువు నగరములోని ప్రజలు బొమ్మల కొలువులోని బొమ్మలవలెను కనిపిస్తారు. ష్రెక్, గాడిద, రొట్టె మనిషి మాత్రము పాతబడలేదు. నిజమును అనుకరించినది త్వరగా వెలిసిపోయినది. నిజమును అతిశయము చేసినది నిలిచినది.

అన్నిటికంటె విలువైన కొన్ని నిమిషములు

మా కళాశాలలో ఒక శనివారము మధ్యాహ్నము ఈ డిస్కును విద్యార్థులకు చూపాను. చిత్రము ముగిసిన తరువాత ముందు వరుసలోని కుర్రవాడు లేచి, “మాస్టారూ, ఇదంతా కంప్యూటరు చేసినదే కదండీ. ఇందులో మనుష్యులు చేసినదేమున్నది?” అని అడిగాడు. తక్కిన వారి ముఖములలో కూడ అదే ప్రశ్న కనిపించినది. ఇది చిన్న ప్రశ్న కాదు. యంత్రము తనంతట తానే ఆలోచిస్తుంది, మనము మీట నొక్కితే చాలును అనే నమ్మకము ఆ ప్రశ్న వెనుక ఉన్నది. లెక్కలు, భౌతికశాస్త్రము కష్టపడి చదువుట ఎందుకనే నిరుత్సాహము కూడ దాని వెనుకనే ఉన్నది.

నేను ఉపన్యాసము చెప్పలేదు. డిస్కులో సాంకేతిక పొరపాట్లు అనే పేరుతో ఉంచిన చిన్న భాగమును నడిపించాను. చిత్రము తయారుచేసేటప్పుడు లెక్క తప్పి వచ్చిన బొమ్మలు అవి. జుట్టు అదుపు తప్పుతుంది. శరీరభాగములు ఉండరాని చోట ఉంటాయి. తరగతి అంతా విరగబడి నవ్వినది. నవ్వు ఆగిన తరువాత ఆ కుర్రవాడే, “అయితే తప్పు జరిగినదని కంప్యూటరుకు తెలియదన్నమాట” అన్నాడు. సరిగా అంతే. ఇచ్చిన అంకె తప్పయితే యంత్రము ఆ తప్పును కూడ ఎంతో శ్రద్ధగా గీసి పెడుతుంది. గాడిద గాడిదవలె లేదని గుర్తించుటకు, ఎందుకు లేదో వెదకుటకు, అంకెను దిద్దుటకు ఒక మనిషి కావలెను.

ఇదే సంపుటములో చిత్రమునుండి తీసివేసిన కొన్ని ఘట్టములను కథాచిత్రకారులు గోడకు తగిలించిన గీతల బొమ్మల ఎదుట నిలిచి, తామే పాత్రలై అభినయించి చెప్పే భాగములున్నవి. ఇవియును అమూల్యములు. కంప్యూటరు తాకకముందు కథ ఒక మనిషి గొంతులో, చేతి గీతలో పుట్టినదని వాటివలన తెలుస్తుంది. ఈ చిత్రపు చరిత్ర కూడ అదే చెబుతున్నది. మొదట ష్రెక్‌కు గొంతునిచ్చిన క్రిస్ ఫార్లీ మాటలలో చాల భాగము పూర్తిచేసి 1997 డిసెంబరులో మరణించాడు. అతని స్థానములో వచ్చిన మైక్ మయర్స్ ఒకసారి అంతా పలికిన తరువాత, ఆ పాత్రకు స్కాట్లండు యాస బాగుంటుందని తోచి మరల పలికాడు. దానికి తగినట్లు అప్పటికే తయారైన బొమ్మలను మార్చవలసి వచ్చినది. యాస మార్చవలెనని ఏ యంత్రమునకు తోచలేదు.

తన తప్పులను దాచక ప్రదర్శించుట ప్రయోగశాల ధర్మము. ప్రయోగపు పుస్తకములో తప్పిన ఫలితమును చెరిపివేసే విద్యార్థిని మనము మందలిస్తాము. ఆ దృష్టితో చూస్తే ఈ సంపుటములో అందరికంటె నిజాయితీగా మాటలాడినవి ఆ పొరపాట్ల బొమ్మలే. నిర్మాతలు వాటిని నవ్వుకొనుటకు మాత్రమే ఉంచారు. ఏ అంకె తప్పినందున ఏమి జరిగినదో ప్రతిదానికి ఒక్క వాక్యము చేర్చి ఉంటే హాస్యము చెడేది కాదు, విజ్ఞానము కలిగేది.

ఉపాధ్యాయులు చేయదగిన ఒక ప్రయోగము

ఈ డిస్కు చెప్పని దానిని మనము రాబట్టవచ్చును. ఏదైనను పాత్ర గాని వస్తువు గాని పైనుండి పడే దృశ్యమును ఎంచుకొని బొమ్మ బొమ్మగా నడపండి. స్వేచ్ఛగా పడే వస్తువు అర సెకనులో సుమారు 1.2 మీటర్లు, ఒక సెకనులో 4.9 మీటర్లు పడవలెను. డిస్కు సెకనుకు 25 బొమ్మలు నడిపినను, చిత్రకారుడు 24 బొమ్మలను ఒక సెకనుగా తలచి గీశాడు. కనుక 12 బొమ్మలను అర సెకనుగా తీసుకొనవలెను. ష్రెక్ ఎత్తును రెండు మీటర్లకు పైగా ఊహించి కొలతబద్దగా వాడుకొనవచ్చును. కెమెరా కదలని దృశ్యమును ఎంచుకొనుట అవసరము.

మా విద్యార్థులు కొన్ని దృశ్యములను ఇట్లు కొలిచారు. బరువైన వస్తువులు పడేచోట లెక్క సూత్రమునకు దగ్గరగా వచ్చినది. నవ్వు పుట్టించవలసిన చోట వస్తువు గాలిలో ఉండవలసిన దానికంటె ఎక్కువ బొమ్మలు ఆగినది. ఇది తప్పు కాదని, బుద్ధిపూర్వకముగా చేసిన అతిక్రమణ అని వారికై వారే గ్రహించారు. సూత్రము తెలిసినవాడే దానిని ఎక్కడ మీరితే నవ్వు వస్తుందో చెప్పగలడు. ఫియోనా గాలిలో నిలిచిపోయిన దృశ్యములో గురుత్వాకర్షణకే సెలవు ఇచ్చారు. విద్యార్థులు దానిని చూచి అప్పుడు నవ్వారు.

మిగిలిన మాట

ఈ సంపుటము తరువాత కాలములో చిత్రము 2010లో బ్లూ-రే డిస్కుగాను, 2021లో ఇరువదియేండ్ల సందర్భమున మరింత సూక్ష్మమైన 4కె డిస్కుగాను వెలువడినది. బొమ్మ నాణ్యము మాత్రమే కావలసినవారు వాటిని చూడవచ్చును. ఇప్పుడు ఇంటర్నెట్టు ద్వారా చిత్రములు చూచుట అందరికి అలవాటైనది. డిస్కును నడిపే యంత్రములు ఇండ్లలో అరుదైపోయాయి. ఇంటర్నెట్టు ద్వారా వచ్చేది చాలచోట్ల చిత్రము మాత్రమే. పొరపాట్ల బొమ్మలు, గోడమీది గీతలు, మెట్టుమెట్టుగా బొమ్మ తయారైన తీరు దాని వెంట రావు. చిత్రము తయారైన పసిఫిక్ డేటా ఇమేజెస్ చిత్రశాల కూడ 2015లో మూతపడినది. వంటకము నిలిచి వంటయిల్లు మాయమైనట్లున్నది.

నా తీర్పు ఇది. చిత్రముగా ‘ష్రెక్’ చూడదగినది. బొమ్మ, ధ్వని విషయములలో 2001 నాటి సంపుటము ఆనాటి సాధనములకు తగినట్లు ఉత్తమముగా ఉన్నది. బోధన విషయములో అది సగము పని చేసినది. పైపొర విప్పి, రెండవ పొరను తాకి, అక్కడ ఆగిపోయినది. పాటలకు, పాత్రలతో వేడుకగా జరిపిన ముఖాముఖీలకు ఇచ్చిన చోటులో కొంత శాస్త్రమునకు ఇచ్చి ఉండవలసినది. అయినను ఆ సగము ఈనాడు మరియొక చోట సులభముగా దొరకదు.

కాబట్టి ఏ పాత సామానుల దుకాణములోనైనను, ఏ బంధువుల అల్మారాలోనైనను ఈ రెండు డిస్కుల సంపుటము కనిపిస్తే ఉపాధ్యాయులు దానిని విడువవద్దు. దానితోపాటు పనిచేసే డీవీడీ యంత్రమును కూడ ఒకటి సంపాదించి ప్రయోగశాలలో ఉంచండి. డిస్కును అంచులతో పట్టుకొని, ఎండ తగలని చోట నిలువుగా దాచండి. తరగతిలో చిత్రమంతా చూపుటకు సమయము లేకపోతే పొరపాట్ల భాగము చూపండి. కంప్యూటరే అంతా చేసినది కదా అని అడిగే విద్యార్థి ప్రతి తరగతిలోను ఉంటాడు. అతనికి సమాధానము ఆ కొన్ని నిమిషములలో ఉన్నది.